యుద్ధం సంగతి సరే, పక్క గది కుర్రాడి సంగతి?

ప్రశ్న: గుంటూరు దగ్గర యూనివర్సిటీ హాస్టల్లో ఉంటున్నాను. మా ఫ్లోర్‌లో సూడాన్ కుర్రాడు ఒకడున్నాడు. వాళ్లది డార్ఫుర్‌లో ఎల్ ఫాషర్. ఇంట్లోవాళ్ల ఫోన్లు నెలల తరబడి కలవడం లేదట. మెస్‌కి రావడం మానేశాడు, రాత్రుళ్లు వరండాలో తిరుగుతుంటాడు. మొన్న మాటల్లో "నేను లేకపోతే ఎవరికి నష్టం" అన్నాడు. మేం నవ్వేసి మాట మార్చేశాం. సూసైడ్ గురించి అడిగితే లేని ఆలోచన మేమే పుట్టించినట్టవుతుందేమోనని భయం. పైగా ఏమన్నా జరిగితే పోలీసు కేసంటారు. ఏం చేయాలి?
- ఎం.ఫార్మసీ విద్యార్థి, గుంటూరు

జవాబు: ముందు ఈ పేజీ పక్కన పెట్టి అతని గదికి వెళ్లండి. మిగతాది తిరిగొచ్చాక చదువుకోవచ్చు.

వెళ్లి అడగండి. డొంకతిరుగుడు వద్దు, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. మీ ఇద్దరికీ ఇంగ్లీషే దిక్కు కాబట్టి వచ్చీరాని ఇంగ్లీషయినా ఫర్వాలేదు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఈ విషయం మీద చాలా పరిశోధనలు జరిగాయి, అన్నీ దాదాపు ఇదే చెప్పాయి. లోపల అదే ఆలోచనతో నలిగిపోతున్నవాడికి, ఒకరు భయపడకుండా అడిగితే, గుండె మీది బరువు కొంత దిగుతుంది కూడా. అవునన్నాడనుకోండి, ఎలా, ఎప్పుడు అన్నది కూడా మనసులో అనుకుని ఉన్నాడనుకోండి, ఇక ఒంటరిగా వదలకండి. ఒకరు తోడుండండి, ఇంకొకరు వార్డెన్‌కి చెప్పండి, అవసరమైతే ఆ రాత్రే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు వేయకండి. అతను కోప్పడినా పడనివ్వండి.

14416 అని టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు ఉంది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అతనే చేయాలని ఏమీ లేదు, "మా ఫ్రెండ్ ఇలా ఉన్నాడు, ఏం చేయమంటారు" అని మీరూ చేయొచ్చు.

పోలీసు కేసు భయం వదిలేయండి. 2017 మానసిక ఆరోగ్య చట్టమే, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, వాళ్లను శిక్షించకూడదనీ చెప్పింది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే పాత 309 సెక్షనే లేకుండా పోయింది. (ప్రభుత్వ ఉద్యోగిని బెదిరించడానికి చేసే ప్రయత్నం గురించి వేరే సెక్షన్ ఉంది, మీ కుర్రాడికి దాంతో పనిలేదు.)

ఇక అతని ఊరి సంగతి కాస్త తెలుసుకుని వెళ్తే మంచిది. సూడాన్‌లో సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది. కోటి మందికి పైగా ఇళ్లు వదిలిపోయారు. ఎల్ ఫాషర్ చుట్టూ 2024 మే నుంచి ఆర్‌ఎస్‌ఎఫ్ ముట్టడి, 2025 అక్టోబరులో ఊరు వాళ్ల చేతికి చిక్కింది. ఆ ఊరి పక్కనే, ఇళ్లు వదిలొచ్చినవాళ్లు ఉండే జంజం శిబిరంలో కరువు వచ్చిపడిందని 2024 ఆగస్టులోనే నిపుణులు నిర్ధారించారు. అంటే అతను ఫోన్ పట్టుకుని కూర్చున్నది ఉత్త దిగులుతో కాదు. కాబట్టి "మీవాళ్లకేం కాదులే" అనకండి, అది మీకూ తెలియదు, అతనికీ తెలియదు. "దేవుడున్నాడు" అన్నా ఫర్వాలేదు, అతనికి నమ్మకం ఉంటే. లేకపోతే ఊరికే కూర్చోండి, టీ తాగండి, వాళ్లమ్మ ఏం వండేదో అడగండి.

అసలు పని వేరే ఉంది. బ్యాంకులు సరిగా పనిచేయని దేశం నుంచి ఫీజు ఎలా వస్తుంది? మెస్ బిల్లు? వీసా రెన్యువల్? ఈ మూడూ తేలకపోతే ఎంత కౌన్సెలింగ్ ఇప్పించినా అతను రాత్రుళ్లు వరండాలోనే ఉంటాడు. నలుగురు కలిసి విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసుకెళ్లి ఫీజుకి గడువు అడగండి. అతను ఒక్కడే వెళ్తే వినేదాని కంటే మీతో కలిసి వెళ్తే బాగా వింటారు, మన ఆఫీసుల సంగతి తెలిసిందే కదా. ఇంకొకటి, యుద్ధాల్లో జాడ తెలియకుండా పోయిన కుటుంబ సభ్యులను వెతికిపెట్టే సేవ రెడ్‌క్రాస్ చేస్తుంది. అక్కడ పేర్లు నమోదు చేయించండి. దొరుకుతారని మాట ఇవ్వలేం, కానీ ఫోన్ వైపు చూస్తూ కూర్చోవడం కన్నా నయం.

ప్రశ్న: తిండికే గతిలేని దేశాల్లో మనసు, డిప్రెషన్ అంటూ మాట్లాడటం కడుపు నిండినవాళ్ల కబుర్లు కాదా? కష్టం ఉన్నన్నాళ్లూ ఆత్మహత్యలుంటాయి. మా దగ్గర కౌలు రైతులదీ అదే కథ. ముందు కష్టం పోవాలి, మిగతావన్నీ తర్వాత.
- ఒక రైతు, ప్రత్తిపాడు

జవాబు: కోపంగా రాశారు, కోపంలో న్యాయం ఉంది. ధర లేక, అప్పు తీరక మనిషి కుంగిపోతుంటే "పాజిటివ్‌గా ఆలోచించు" అనేవాళ్లని చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేశాక గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏం జరిగిందో మీ పెద్దవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. కానీ "కష్టం ఉన్నన్నాళ్లూ ఆత్మహత్యలుంటాయి" అన్న మాట దగ్గర మాత్రం మీతో గొడవ పెట్టుకుంటాను, ఎందుకంటే అది నిజం కాదు, పైగా ఆ మాట అనేసుకున్నాక ఎవరూ ఏమీ చేయనక్కర్లేకుండా పోతుంది.

పక్కనే ఉన్న శ్రీలంకను చూడండి. 1983 నుంచి 2009 దాకా అక్కడ అంతర్యుద్ధం. 1995 నాటికి ఆత్మహత్యలు ఏడాదికి లక్ష మందిలో 47 దాకా వెళ్లాయి, ప్రపంచంలోనే పైవరసలో ఉన్న లెక్క అది. పదేళ్లు తిరిగేసరికి, 2005కి, సగానికి పడిపోయాయి. యుద్ధం పూర్తిగా ముగియలేదు, పేదరికం పోలేదు. మరి మారిందేంటి? అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని ప్రభుత్వం ఒక్కొక్కటిగా నిషేధించింది. నిరుద్యోగం, తాగుడు, విడాకులు, యుద్ధం నడిచిన సంవత్సరాలు, అన్నీ లెక్కలోకి తీసుకుని చూసినా ఈ తగ్గుదలకు వేరే కారణం కనబడలేదని పరిశోధకులు తేల్చారు. పంట దిగుబడి దెబ్బతిన్న దాఖలా కూడా లేదు.

ఎందుకలా అంటే, చాలామందికి చావాలన్న తెగింపు గంటో రెండు గంటలో, ఒక్కోసారి నిమిషాలే. ఆ సమయంలో చేతికందేది ఏమిటన్న దాన్నిబట్టి బతకడమో పోవడమో. బతికి బయటపడినవాళ్లలో ఎక్కువమంది తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. పురుగుమందులు దాచుకోవడానికి ఇళ్లకి తాళం పెట్టెలు పంచితే చాలదా అంటారా, అదీ శ్రీలంకలోనే అనురాధపురం వైపు ఊళ్లలో పరీక్షించారు, 2017లో ఫలితాలొచ్చాయి, లాభం కనబడలేదు. అంటే ఈ పని రైతు నెత్తిన రుద్దేది కాదు, ఏ మందు కొట్లో ఉండాలో, ఏది ఉండకూడదో ప్రభుత్వం తేల్చాలి. అయినా మీ ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే సీజన్‌కి ముందే పురుగుమందు డబ్బాలు కొని తెచ్చి ఇంట్లో పెట్టకండి, కొట్టాల్సిన రోజే తెచ్చుకోండి.

ఇంకో దేశం, జింబాబ్వే. 2005లో అక్కడి ప్రభుత్వం మురికివాడల్ని బుల్డోజర్లతో కూల్చేస్తే ఏడు లక్షల మంది దాకా ఇల్లో ఉపాధో పోగొట్టుకున్నారని ఐక్యరాజ్యసమితి చెప్పింది. ఆ దేశం మొత్తానికి పట్టుమని పదిహేనుమంది సైకియాట్రిస్టులు కూడా లేని రోజులవి. డిక్సన్ చిబాండా అనే డాక్టరు దగ్గర చూపించుకునే ఒక యువతి, ఆసుపత్రికి రావడానికి బస్సు ఛార్జీ లేక రాలేకపోయింది, తర్వాత ఆత్మహత్యతో పోయింది. ఆయన ఈ సంగతి సభల్లో ఎన్నోసార్లు చెప్పారు. జబ్బు ఉంది, డాక్టరు ఉన్నాడు, మధ్యలో బస్సు ఛార్జీ లేదు! ఆ తర్వాతే ఆయన హరారేలో క్లినిక్కుల ఆవరణల్లో చెట్ల కింద బెంచీలు వేయించి, పేటల్లో అందరూ గౌరవించే అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు. మొదట పద్నాలుగు మందే. వాళ్లేమీ నీతిబోధలు చేయరు. వచ్చిన మనిషి చెప్పేది విని, ఉన్న కష్టాల్లో ముందు ఏ ఒక్కటి తేల్చుకోగలవో అడిగి దాని మీదే పని చేయిస్తారు. 573 మందితో జరిపిన పరీక్షలో, ఆరు నెలల తర్వాత, బెంచీకి వచ్చినవాళ్లకి మామూలు వైద్యం అందినవాళ్లకంటే చాలా మెరుగ్గా ఉందని 2016లో తేలింది. తిండికే గతిలేని రోజులండీ అవి, ఆ మధ్యలోనే 2008లో ద్రవ్యోల్బణం లెక్కకు అందనంత పెరిగింది కూడా.

యుద్ధం, సంక్షోభం చూసిన చోట్ల ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్క. అది కడుపు నిండినవాళ్ల జబ్బయితే అక్కడ అంతమందికి ఎందుకుంటుంది? అలాగని మిగతా నలుగురినీ మర్చిపోకండి. వాళ్లు భయంతోనో దుఃఖంతోనో ఉంటారు, కానీ జబ్బుతో కాదు. వాళ్లకి మాత్రలు కాదు, బియ్యం కావాలి. ఇక్కడ మీరన్నదే రైటు.

మీ ఊళ్లో రచ్చబండ ఉంది కదా. రుణం, కౌలు కార్డు, పంట బీమా కాగితాలు చూసిపెట్టే ఒకరిని, చెప్పింది కడుపులో దాచుకునే ఒక పెద్దామెని వారానికోసారి అక్కడ కూర్చోబెట్టడానికి ఏ జీవో అక్కర్లేదు.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఇల్లు రోజుల తరబడి నీళ్లలో ఉంది. మా ఏడో తరగతి బాబు ఇప్పటికీ వాన పడితే నిద్రపోడు. బంధువులు పిరికివాడంటున్నారు.
- ఒక తల్లి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: పిరికితనం కాదమ్మా, జ్ఞాపకం. బంధువుల్ని కాస్త నోరు కట్టుకోమనండి. "మళ్లీ రాదులే" అని ఒట్టు వేయకండి, రాకూడదని మనమేం చట్టం చేయలేదు కదా. వస్తే ఏం చేయాలో వాడితోనే కూర్చుని రాయించండి, సర్టిఫికెట్ల సంచి ఎక్కడ, ఎవరి మేడ మీదికి, ఎవరికి ఫోన్ అని. రాత్రి వానలో వాడి పక్కన పడుకోండి. ఇంతకాలమైనా నిద్ర సరిగా లేదు కాబట్టి, చదువు కూడా వెనకబడుతుంటే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించండి. వెళ్లేటప్పుడు వాడికి ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నామో ముందే చెప్పి తీసుకెళ్లండి.