‘ఇప్పుడు’ గురించి రాస్తున్న అమ్మాయికి

తిరుపతి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. ‘కాలం భ్రమ అని ఐన్‌స్టీన్ తేల్చేశాడు, కాబట్టి ఈ క్షణంలో బతుకుదాం’ అన్నావు. కాలమే భ్రమైతే ఈ క్షణం మాత్రం ఎలా మిగిలింది? పైగా ఆ భ్రమ మాట 1955లో స్నేహితుడు బెస్సో పోయినప్పుడు ఆయన కుటుంబానికి రాసిన ఉత్తరంలోది. పరామర్శలో అన్న మాటని సిద్ధాంతంలా వాడకు.

1905లో ఆయన చెప్పింది వేరు. దూరంగా ఉన్న రెండు చోట్ల జరిగినవి ఒకేసారి జరిగాయా అని అడిగితే, ఒకరికొకరు వేగంగా కదులుతున్న ఇద్దరు వేర్వేరు జవాబులు చెప్పొచ్చు, ఇద్దరిదీ తప్పు కాదు. విశ్వమంతటికీ కలిపి ఒకే ‘ఇప్పుడు’ లేదన్నమాట. నువ్వు కూర్చున్న చోట నీకున్న ‘ఇప్పుడు’ జోలికి ఆయన పోలేదు.

సూర్యుడి వెలుగు 8 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని దీనికి రుజువుగా చూపావు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అది ఉత్త ఆలస్యం, లెక్కగట్టి తీసేయొచ్చు. పై గాలి పొరల మీదకి రేడియో తరంగాలు పంపే మన గాదంకి రాడార్ వాళ్లు రోజూ చేసేది ఆ లెక్కే: ప్రతిధ్వని సెకనులో పదివేలో వంతుకి తిరిగొస్తే, ఆ గాలి పొర 15 కిలోమీటర్ల పైన ఉన్నట్టు. ఆలస్యాన్నంతా తీసేశాక కూడా మిగిలే తేడా ఉందే, ఐన్‌స్టీన్ మాట దాని గురించి.

కాలం అన్నిచోట్లా ఒకేలా నడవదనడానికి ఊరి ఉదాహరణే కావాలంటే కొండనే తీసుకో. గురుత్వాకర్షణ వల్ల తిరుమలలో పెట్టిన గడియారం, కింద గోవిందరాజస్వామి గుడి దగ్గరి గడియారం కంటే ఏడాదికి సుమారు 2 మైక్రోసెకన్లు ముందుకెళ్తుంది. (కొండెక్కితే టైమే తెలీదంటారు. సర్వదర్శనం క్యూలో నిలబడితే తెలుస్తుంది.)

నువ్వు వదిలేసిన సంగతొకటి ఉంది. ‘ఇప్పుడు’ అనే అనుభవం మనిషికి ప్రత్యేకమైనదనీ, అది ఫిజిక్స్‌కి అందదనీ ఐన్‌స్టీన్ బాధపడ్డట్టు తత్త్వవేత్త కార్నాప్ తన ఆత్మకథలో రాశాడు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ఆ తర్వాత బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడికి రెండు పేజీలివ్వు. వర్తమానం గతం మీద ఆధారపడి ఉంటే అది గతంలోనే ఉండాలి కదా అని ఆయన వేసిన ప్రశ్నకి నీ జవాబేమిటో రాయి, ఆయన్ని పొగుడుతూ కూర్చోకు. కాలం నిజం కాదన్న తత్త్వవేత్త మెక్‌టాగర్ట్ 1908 నాటి వాదనకి ఒక పేరా చాలు.

దీపావళి సెలవుల్లోపు పంపితే చూస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు