యాపిల్ పేరుకు మూడు ధరలు

ప్రశ్న: మేడమ్, మాది కూకట్‌పల్లి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రపంచంలో అన్నిటికన్నా విలువైన బ్రాండ్ ఏదని మా ఇంట్లో కొన్నాళ్లుగా ఒకటే వాదన. 2024లో యాపిల్ పేరు విలువ 50 వేల కోట్ల డాలర్లకు కాస్త తక్కువని నేను చదివాను. కాదు, లక్ష కోట్ల డాలర్లు దాటిందని మా బావ పేపర్ కటింగ్ చూపించాడు. అంతకుముందు ఏడాది అమెజాన్ ఫస్ట్ వచ్చిందని మా చెల్లి అంటోంది. ఎవరి మాట కరెక్టు?
– పేరు వద్దన్న పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముగ్గురి మాటా కరెక్టే బాబూ. బ్రాండ్లకు ఏటా విలువ కట్టి లిస్టు వేసే సంస్థలు ఒకటికి మించి ఉన్నాయి. మీరు చదివింది ఇంటర్‌బ్రాండ్ లిస్టు. మీ బావ చూపించింది కాంటార్ వాళ్ల బ్రాండ్‌జీ. మీ చెల్లి చెప్పింది బ్రాండ్ ఫైనాన్స్. 2024లో యాపిల్ పేరుకు ఇంటర్‌బ్రాండ్ కట్టిన విలువ 48,890 కోట్ల డాలర్లు, బ్రాండ్ ఫైనాన్స్ కట్టింది 51,660 కోట్ల డాలర్లు, కాంటార్ కట్టింది లక్ష కోట్ల డాలర్లకు పైన. ఏడాది అదే, కంపెనీ అదే, ఫోన్లూ అవే. ఒక అంకె ఇంకోదానికి రెట్టింపు ఉంది.

ఇంత తేడా ఎందుకంటే, ముగ్గురూ వేసుకునే ప్రశ్నలే వేరు. బ్రాండ్ ఫైనాన్స్ వాళ్లది అద్దె లెక్క. హిమాయత్‌నగర్‌లో మీకు సొంత ఇల్లుందనుకోండి. అది మీది కాకపోతే నెలనెలా ఎంత అద్దె కట్టేవాళ్లో, ఆ మిగులును బట్టి ఇంటికి విలువ కట్టొచ్చు కదా. అలాగే యాపిల్ అనే పేరు ఆ కంపెనీది కాకుండా వేరే ఎవరిదో అయితే, అమ్మకాల్లో ఎంత శాతం రాయల్టీ కట్టి వాడుకునేది? రాబోయే ఏళ్లన్నిటికీ ఆ రాయల్టీ లెక్కేసి ఇవాళ్టి విలువకు తెస్తారు. ఇది గాల్లో మాట కాదు. మన టాటా గ్రూపులో 1990ల నుంచీ ఇది నడుస్తోంది. టాటా పేరు వాడుకునే కంపెనీలు తమ ఆదాయంలో కొంత శాతం టాటా సన్స్‌కు కట్టాలి.

ఇంటర్‌బ్రాండ్ లాభం దగ్గర మొదలుపెడుతుంది. పెట్టుబడికి పోవాల్సింది పోగా మిగిలిన లాభంలో, కొనేవాళ్ల నిర్ణయం మీద పేరు ప్రభావం ఎంతో అంచనా వేస్తుంది. ఆ పేరు రేపు కూడా నిలబడుతుందా అన్నదానికి మార్కులు వేసి తుది విలువ తేలుస్తుంది. కాంటార్ మాత్రం ఆర్థిక లెక్కలతో పాటు, జనాన్ని పెద్ద ఎత్తున అడిగి తెలుసుకున్న అభిప్రాయాలను గుణకంగా వాడుతుంది.

ఎవరిని లిస్టులోకి రానివ్వాలన్నదీ ముఖ్యమే. ఇంటర్‌బ్రాండ్ లిస్టులో చోటు దక్కాలంటే ఆదాయంలో కనీసం 30 శాతం సొంత ప్రాంతం బయటి నుంచి రావాలి. వ్యాపారం దాదాపు అంతా మన దేశంలోనే ఉన్న ఎల్ఐసీ లాంటి పేరు, ఇంటింటికీ తెలిసినా సరే, అక్కడ గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ లిస్టులో లేదు కాబట్టి విలువ లేదనుకుంటే అన్యాయం.

ఇక మీ చెల్లి మాట. 2023లో బ్రాండ్ ఫైనాన్స్ అమెజాన్‌కు 29,930 కోట్ల డాలర్లు, యాపిల్‌కు 29,750 కోట్ల డాలర్లు కట్టింది. మరుసటి ఏడాది యాపిల్ విలువ ఒక్కసారిగా 74 శాతం పెరిగి 51,660 కోట్లకు చేరింది. కానీ 2023 సెప్టెంబరుతో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో యాపిల్ అమ్మకాలు అంతకుముందు ఏడాది కంటే దాదాపు 3 శాతం తగ్గాయి. అమ్మకాలు తగ్గిన కంపెనీ పేరు మీద జనానికి ఒక్క ఏడాదిలో ముప్పావు వంతు అభిమానం పెరిగిందంటే నేను నమ్మను. పెరిగింది అంచనా. నన్నడిగితే మీ వాదన జరగాల్సింది ఆ అంచనా మీద.

అయినా ఈ లిస్టులు పనికిరావని నేననను. ఒకే లిస్టు పట్టుకుని ఏళ్ల తరబడి చూస్తే చాలా తెలుస్తుంది. ఇంటర్‌బ్రాండ్ లిస్టులో 2000 నుంచి 2012 దాకా కోకాకోలాదే మొదటి స్థానం. 2013లో యాపిల్ దాన్ని దాటి పైకొచ్చింది. జనం డబ్బు ఎటు మళ్లుతోందో ఆ మార్పు చెప్పింది. మీ ముగ్గురూ ఒక లిస్టు ఎంచుకుని, అందులోనే పదేళ్లు వెనక్కి వెళ్లి చూడండి. ఒక లిస్టులోని అంకెను ఇంకో లిస్టులోని అంకె పక్కన పెట్టి కొట్లాడుకోవద్దు.

ఇంకొకటి, ఆడిటర్‌గా నేను చెప్పి తీరాల్సింది. ఈ అంకెల్లో ఏదీ యాపిల్ బాలెన్స్ షీటులో కనపడదు. సొంతంగా పెంచుకున్న పేరును ఆస్తిగా రాసుకోవడానికి అకౌంటింగ్ నియమాలు ఒప్పుకోవు. మన దేశపు అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 38 కూడా అదే అంటుంది. పేరును కొంటే మాత్రం రాయొచ్చు. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ మన దేశంలో హార్లిక్స్ పేరు కోసం 3,045 కోట్ల రూపాయలు చెల్లించింది. ఫ్యాక్టరీలు విలీనం కింద వచ్చాయి, ఈ డబ్బు అచ్చంగా పేరు కోసం. నాకు అన్ని లిస్టుల కన్నా ఆ ఒక్క చెల్లింపు మీద నమ్మకం ఎక్కువ. అక్కడ ఒకళ్లు ధర అడిగారు, ఇంకొకళ్లు జేబులోంచి తీసి కట్టారు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు పచ్చళ్ల షాపు ఉంది. మా మామగారు పెట్టింది. ఆయన పోయాక మావారు, మా మరిది భాగస్తులుగా నడిపారు. ఇప్పుడు విడిపోతున్నారు. షాపూ, పేరూ మాకు ఉంచుకుంటామన్నాం. సరుకు, సామాను పంపకం అయిపోయింది. పేరు విలువ 40 లక్షలని, అందులో సగం ఇవ్వాలని మరిది తరఫు కన్సల్టెంట్ కాగితం పంపాడు. మా అమ్మకాలు ఏడాదికి 60 లక్షలు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ముందు భయం వదలండి. అబిడ్స్‌లో ప్రాక్టీసు చేసిన రోజుల్లో అన్నదమ్ముల పంపకాల ఫైళ్లు చాలా చూశాను. సరుకు దగ్గర, ఫ్రిజ్‌ల దగ్గర సర్దుకుపోయిన వాళ్లే బోర్డు మీది పేరు దగ్గరకొచ్చేసరికి బిగుసుకుపోతారు. మీ మరిది అడగడం తప్పు కాదు. పేరుప్రతిష్ఠ కూడా భాగస్వామ్య ఆస్తేనని 1932 నాటి పార్ట్‌నర్‌షిప్ చట్టం చెబుతోంది. ఎంత అన్నదే తేల్చుకోవాల్సింది.

ఇందాక చెప్పిన అద్దె లెక్కే మీ షాపుకూ వేద్దాం. 60 లక్షల అమ్మకాల మీద 3 శాతం రాయల్టీ అంటే ఏడాదికి 1 లక్షా 80 వేలు. ఇలాంటి వ్యాపారంలో డబ్బు పెట్టేవాడు 15 శాతం రాబడి ఆశిస్తాడనుకుంటే పేరు విలువ 12 లక్షలు, ఎందుకంటే 12 లక్షల మీద 15 శాతమే ఆ 1 లక్షా 80 వేలు. రాయల్టీ 5 శాతం, రాబడి 10 శాతం అనుకుంటే 30 లక్షలు. షాపు అదే, గోంగూర అదే. రెండు అంకెలు మార్చితే విలువ రెండున్నర రెట్లయింది. యాపిల్ విషయంలో జరిగేదీ ఇదే.

40 లక్షలు రావాలంటే 5 శాతం రాయల్టీ, 7.5 శాతం రాబడి వేస్తే సరిపోతుంది. ఆ కన్సల్టెంట్ అలాగే వేశారో లేదో కాగితంలో చూడండి, లేకపోతే రాసిమ్మని అడగండి. 7.5 శాతం అంటే బ్యాంకు డిపాజిట్ వడ్డీకి దగ్గర. మామిడికాయ దొరకని ఏడాది, నూనె ధర పెరిగిన ఏడాది మీకు తెలుసు. పచ్చళ్ల వ్యాపారం బ్యాంకు డిపాజిట్ అంత భద్రమని ఎవరూ ఒప్పుకోరు.

తర్వాత రాయల్టీ శాతం. మీ ఆవకాయ కిలో ధర, అదే కాయ, అదే పప్పునూనెతో పెట్టి బోర్డు లేకుండా అమ్మే వాళ్ల ధర పక్కపక్కన రాయండి. పచ్చడి రకాలన్నిటికీ రాయండి. పేరు వల్ల మీకు అదనంగా దక్కుతున్నది ఆ తేడాలో చాలావరకు తెలిసిపోతుంది. ఓ వారం కౌంటర్ దగ్గర మీరే కూర్చుని, వచ్చినవాళ్లను ఎందుకొచ్చారని అడగండి. బోర్డు చూసి వచ్చామంటే అది పేరు. మీ అత్తగారు కలిపే కారం రుచి కోసమంటే అది ఆమె చేతి విలువ. దాన్ని పేరు లెక్కలో వేసి పంచుకోకూడదు.

ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయిందా? ఎవరి పేరు మీద? పదేళ్లకోసారి రెన్యూ చేయించారా? అది ఇంకా మామగారి పేరు మీదే ఉంటే వారసులందరి సంతకాలు కావాలి, ఆడపడుచులు ఉంటే వాళ్లవి కూడా. డబ్బు కట్టేముందు ఒప్పందంలో ఒక మాట తప్పకుండా రాయించండి: మీ మరిది రేపు వేరే షాపు పెడితే ఆ పేరు గానీ, దాన్ని పోలిన పేరు గానీ వాడకూడదు. ఈ వాక్యం లేకపోతే 12 లక్షల్లో సగం కట్టినా ఎక్కువే.

ఆయన కూడా మామగారి కొడుకే. రెండు లెక్కలూ ఒకే కాగితం మీద వేసి, అత్తగారి ఎదుటే కూర్చుని మాట్లాడుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి బ్రాండ్ లిస్టులో పైనున్న కంపెనీల షేర్లు కొంటానంటున్నాడు. మంచిదేనా?
– రిటైర్డ్ ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: ఆ ఒక్క కారణంతో కొనొద్దని చెప్పండి. పేరు విలువ వేరు, షేరు ధర సబబుగా ఉందా లేదా అన్నది వేరు. లిస్టులు వేసే సంస్థలు కంపెనీలకు బ్రాండ్ సలహాలు కూడా అమ్ముతాయి. వాటికి ఈ లిస్టే పెద్ద ప్రచారం. అందుకని మోసమని అనను గానీ, అది గుర్తుంచుకుని చదవాలి.

మన ఊళ్లో వాళ్లకు సత్యం కంప్యూటర్స్ సంగతి వేరే చెప్పాలా? 2008లో మంచి పాలనకు అవార్డు అందుకున్న కంపెనీ. 2009 జనవరి 7న ఛైర్మన్ లేఖ బయటికొచ్చిన రోజే షేరు 75 శాతానికి పైగా పడింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఆ లేఖలోనే ఉంది. కొన్ని నెలలకే మహీంద్రా సత్యం అని పేరు మారింది. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయి ఆ పేరు కూడా పోయింది.

మీ అబ్బాయి ఎంచుకున్న కంపెనీల వార్షిక నివేదికలు ఓ ఐదేళ్లవి తెమ్మనండి. ముందు క్యాష్ ఫ్లో పేజీ తీయమనండి. లాభం పెరుగుతూ, వ్యాపారం నుంచి వచ్చే నగదు మాత్రం పెరగకుండా ఉంటే ఎందుకో ఆడిటర్ రిపోర్టులో వెతకమనండి. ఆ కాగితాలు చదవడం కష్టంగా ఉంటే పత్రిక ఆఫీసుకు పంపండి, వచ్చే నెల కలిసి చూద్దాం.