దూలం కొట్టాల్సిన అవసరం ఎందుకు వచ్చింది?

ప్రశ్న: నల్గొండలో రెండంతస్తుల ఇల్లు కట్టిస్తున్నాము. ఖర్చు కలిసివస్తుందని తాపీపని, కరెంటు, ప్లంబింగ్, వడ్రంగం వేర్వేరు వారికి అప్పగించాము. మొదటి స్లాబ్ పడిన తరువాత, స్నానాల గది పైపు కోసం ప్లంబరు దూలం అడుగు కొట్టబోగా మేస్త్రీ అడ్డుకున్నారు. పనులన్నీ పొందికగా సాగాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ మేస్త్రీ సరైన పని చేశారు. దూలం నడిమి భాగంలో అడుగున ఉండే కడ్డీలే బరువుకు సాగకుండా దానిని నిలబెడతాయి కాబట్టి, వాటిని కోస్తే పైన ఎంత సిమెంటు పూసినా ఆ బలం తిరిగి రాదు. ఆ పైపును దూలం కిందుగా తిప్పి, ఫాల్స్ సీలింగ్‌తో కప్పించండి.

నలుగురూ తమ పని బాగానే చేస్తున్నా, ఒకరి పని మరొకరి పనిని తాకే చోటును చూసుకునే బాధ్యత మీ ఇంట్లో ఎవరికీ అప్పగించలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. జీతమిచ్చి ఒక సైట్ ఇంజనీరును పెట్టుకోండి. ఆయన సరేననే వరకు కాంక్రీటు వేయనివ్వకండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

రెండో స్లాబ్‌కు ముందురోజు నలుగురినీ సెంట్రింగ్ (కాంక్రీటు పోసేందుకు కట్టే తాత్కాలిక చట్రం) మీదికి పిలిపించి, ప్లాన్ చేతిలో పెట్టుకుని, ఫ్యాన్ బాక్సులు, కరెంటు పైపులు, స్నానాల గది దగ్గర స్లాబ్ ఎంత దించాలో, ఏ పైపు ఎక్కడ దిగుతుందో ఒక్కొక్కటిగా సరిచూడండి. దూలంలోంచి పైపు పోక తప్పదంటే, స్ట్రక్చరల్ ఇంజనీరు చూపిన చోట ముందే స్లీవ్ (పైపు దూరేందుకు వదిలే గొట్టం) పెట్టించాలి. టేపు పక్కన పెట్టి ఫొటోలు తీయించండి. రేపు గోడకు, సీలింగ్‌కు డ్రిల్లింగ్ చేసేటప్పుడు అవే దారి చూపుతాయి. గదుల మార్పులు ఏవైనా ఉంటే మీ కుటుంబం ఆలోపే తేల్చుకోవాలి.

తొందరపడి సెంట్రింగ్ విప్పనివ్వకండి. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటు వాడినప్పుడు, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబ్ కింద జాకీలు (బరువు మోసే తాత్కాలిక కంబాలు) కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, 6 మీటర్ల వరకు ఉన్న దూలాల కింద 14 రోజులు ఉంచాలి. పీపీసీ (బూడిద వంటి పోజోలానా కలిపిన సిమెంటు) అయితే ఈ గడువు ఎంత పెంచాలో ఇంజనీరు చెప్పాలి. నీటి తడుపు మాత్రం కనీసం 10 రోజులు ఉండాలి. రెండో స్లాబ్ సెంట్రింగ్ బరువు మొదటి స్లాబ్ మీదే పడుతుంది కనుక, దాని కింది జాకీలను ఎప్పుడు తీయవచ్చో కూడా ఆయననే అడిగి రాయించుకోండి.