ముగ్గు పోయకముందే కొలత రాయించండి

ప్రశ్న: మాది హనుమకొండ. భీమారంలో 200 గజాల ప్లాటు ఉంది. మా బావమరిదికి తెలిసిన కాంట్రాక్టరు మెటీరియల్‌తో కలిపి అడుగుకు 1,900 రూపాయల చొప్పున ఇల్లు కడతానంటున్నాడు. ముగ్గు పోసే రోజే 6 లక్షలు ఇవ్వాలట. అగ్రిమెంటు మాటెత్తితే ‘నా మీద నమ్మకం లేదా అన్నా’ అంటున్నాడు. ఇతన్ని నమ్మవచ్చా? రేపు పని మధ్యలో వదిలేస్తే రెరాకు వెళ్లవచ్చా?

జవాబు: ముందు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం సంగతి. 2016 నాటి ఆ చట్టం ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మే బిల్డర్ల కోసం వచ్చింది. మీ సొంత జాగాలో మీకు ఇల్లు కట్టిపెట్టే కాంట్రాక్టరు దాని కిందికి రాడు. మీకు పనికొచ్చేది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇంటి నిర్మాణం కూడా ‘సేవ’ అని ఆ చట్టంలోనే ఉంది. దీనికి ముందున్న పాత చట్టం కిందే, లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే ఆ మాట తేల్చింది.

ఇక నమ్మకం. అతను మంచివాడో కాదో నేను చెప్పలేను. కానీ బావమరిది మాట కోర్టులో రుజువు కాదు. అతను ఈ రెండు మూడేళ్లలో కట్టిన ఇళ్లకు మీరే వెళ్లండి, అదీ వానాకాలంలో. స్లాబు కింద చెమ్మ ఉందా, చివరి లెక్క దగ్గర గొడవైందా అని ఆ ఇంటివాళ్లనే అడగండి. ఆడవాళ్లను అడిగితే ఇంకా వివరంగా చెబుతారు, ఎందుకంటే వంటింట్లో కారే నీళ్లు రోజూ తుడిచేది వాళ్లే.

నా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం ‘అడుగు’ అంటే ఏమిటన్న దగ్గరే మొదలవుతాయి. ఒక కేసులో 1,300 అడుగుల ఇల్లనుకుని ఇంటాయన డబ్బు సర్దుకున్నాడు. చివర్లో కాంట్రాక్టరు సజ్జలు, మెట్ల మీది గది, బాల్కనీ కలిపి 1,470 అన్నాడు. మీ రేటుతో లెక్కేస్తే ఆ 170 అడుగులే 3,23,000 రూపాయలు! ఇద్దరి దగ్గరా ఉన్న రుజువు పెన్సిలుతో రాసిన ఒక చిన్న నోటుబుక్కు. అందులో ఇచ్చిన డబ్బు ఉంది, కొలత లేదు. ఇద్దరిలో ఎవరిది అబద్ధమో ఇప్పటికీ నాకు తెలియదు.

అందుకే స్లాబు కొలతలో ఏవి కలుస్తాయో, ఏవి కలవవో పేరుపేరునా రాయించండి. సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండ్ వాల్, గేటు ఆ 1,900లో ఉన్నాయా? ఏ సిమెంటు, ఏ స్టీలు, పిల్లర్లలో ఎన్ని ఎంఎం రాడ్డు, ఏ ధర టైల్స్? ఇంజనీరు గీసిన డ్రాయింగుల మీద ఇద్దరూ సంతకం చేసి అగ్రిమెంటుకు జతచేయండి. మున్సిపల్ ప్లాన్ దాటి కడితే నోటీసు వచ్చేది మీ పేరు మీదే కాబట్టి ‘ప్లాన్ ప్రకారమే’ అన్న మాట తప్పకుండా ఉండాలి. అగ్రిమెంటు స్టాంపు కాగితం మీద రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి.

డబ్బు మాత్రం పని వెనకే నడవాలి. బేస్‌మెంటు అయ్యాక ఇంత, స్లాబు పడ్డాక ఇంత, ప్లాస్టరింగు తర్వాత ఇంత అని రాసుకోండి. హోమ్‌లోను ఇచ్చే బ్యాంకు కూడా అలాగే విడతలుగా ఇస్తుంది. మొత్తంలో 5 శాతం ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. గడువు దాటితే నెలకు ఇంత తగ్గింపు అన్నదీ రాయించండి. ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

పని వదిలేసి పోతే కోపంతో మర్నాడే వేరే మేస్త్రీని దింపకండి. ముందు ఒక సివిల్ ఇంజనీరుతో అయిన పని కొలిపించి, ఫొటోలతో రిపోర్టు తీసుకోండి. కొత్త పని పాతదాని మీద పడిందంటే ఎవరి తప్పు ఎంతో తేల్చడం చాలా కష్టం. తర్వాత లాయర్ నోటీసు, దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించింది 50 లక్షల లోపైతే అక్కడే వింటారు. వివాదం పుట్టిన రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ముహూర్తం దగ్గరపడిందని 6 లక్షలు చేతిలో పెట్టకండి. కొబ్బరికాయ కొట్టే రోజుకు 50 వేలు చాలు, అదీ అగ్రిమెంటు మీద అతని సంతకం పడ్డాకే.