మనసుకు తగిలిన దెబ్బకు ప్రాణాయామం, రేకీ లాంటివి పనిచేస్తాయా?

మీ చెల్లెలు తన భర్తకు జరిగిన రోడ్డు ప్రమాదాన్ని కళ్లారా చూసిందనీ, ఏడాది దాటినా రాత్రిళ్లు గుండెదడతో లేచి కూర్చుంటోందనీ రాశారు. డాక్టరు మాత్రలు ఇచ్చారు. చుట్టాల్లో ఒకరు శ్వాస శిబిరానికి పంపమంటున్నారు, ఇంకొకరు చేతులు ఆనించి శక్తి పంపుతామనే రేకీ అంటున్నారు, పనిలో పనిగా మాత్రలు మానిపించమంటున్నారు. ఏం చేయాలో తెలియడం లేదన్నారు.

ముందు మాత్రల సంగతి. ఎవరి మాట మీదా వాటిని ఆపించకండి. డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే మందులు ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం రావచ్చు. తగ్గించాల్సిన రోజు వస్తే, రాసిన డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మాత్రలు వేసుకుంటూనే శ్వాస సాధన చేసుకోవచ్చు. నేను అలాగే చేశాను.

మా అమ్మ పోయినప్పుడు పెద్దకర్మ దాకా బాగానే నిలబడ్డాను. చుట్టాలందరూ వెళ్లిపోయాక మొదలైంది. తెల్లవారుజామున ఉలిక్కిపడి లేవడం, ఛాతీ బిగుసుకుపోవడం, గాలి చాలడం లేదన్న భయం. ఈసీజీ తీస్తే గుండెకు ఏమీ లేదన్నారు. అక్కణ్ణుంచి మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. ఆవిడ మందులు రాసి, తెలిసిన యోగా టీచరు దగ్గర భ్రామరి అనే శ్వాస సాధన నేర్చుకోమన్నారు.

ఆ టీచరు చెప్పిన మొదటి మాట నాకిప్పటికీ బాగా పనికొస్తోంది. భయం వేసినప్పుడు గట్టిగా గాలి పీల్చకండి, ఉన్న గాలిని నిదానంగా వదలండి అన్నారు. మనవాళ్లంతా దీనికి తిరగేసి చెబుతారు కదా, "గట్టిగా ఊపిరి తీసుకో, సర్దుకుంటుంది" అని. పానిక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, వచ్చిన మనిషి అప్పటికే ఎక్కువ గాలి పీలుస్తుంటుంది. ఇంకా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గి, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కుంచించుకుని తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది చూసి భయం ఇంకా పెరుగుతుంది. గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు వెళ్లి దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నాడి చేసే పని అది. అందుకే వదలడం సాగదీస్తే ఒళ్లు నెమ్మదిస్తుంది.

భ్రామరి అంటే ఇంతే. ముక్కుతో మామూలుగా గాలి తీసుకుని, పెదవులు మూసి, తుమ్మెద రొదలా "మ్‌మ్‌" అంటూ ఊపిరి అయిపోయేదాకా వదలడం. చెవులు బొటనవేళ్లతో మూసుకుంటే ఆ నాదం తలంతా వినిపిస్తుంది. కళ్లు మూసుకోమని పుస్తకాల్లో ఉంటుంది గానీ, మీ చెల్లెలి విషయంలో నేనైతే వద్దంటాను. ప్రమాదం చూసినవాళ్లకు కళ్లు మూయగానే ఆ దృశ్యమే ఎదురు రావచ్చు. కళ్లు తెరిచి, పాదాలు నేలకు ఆనించి, కిటికీ వైపో తులసికోట వైపో చూస్తూ చేయమనండి. ఊపిరి మీద ధ్యాస పెడితేనే భయం పెరిగేవాళ్లూ ఉంటారు. తనకు అలా అనిపిస్తే బలవంతం చేయకుండా ఆపేయండి.

మనిషి మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాడు. ఆరుకు దగ్గరగా వస్తే గుండె, ఊపిరి ఒక లయలో పడతాయి. ఇటలీ పరిశోధకులు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన సంగతి ఒకటి నాకు చాలా ఇష్టం. లాటిన్‌లో క్రైస్తవుల జపమాల ప్రార్థన చెప్పించినా, "ఓం మణి పద్మే" మంత్రం అనిపించినా, రెండింటిలోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుకే వచ్చిందట. అది చదివినప్పుడు మా అమ్మ విష్ణు సహస్రనామం చదవడం గుర్తొచ్చింది. ఒక్కో శ్లోకాన్ని ఒక్క ఊపిరిలో లాగేది. భ్రామరి చేయబుద్ధి కాని రోజు నేనూ అదే చదువుకుంటాను. మీ చెల్లెలికి ఏ నమ్మకం ఉంటే అది, పాటైనా సరే.

ఈ నెమ్మది జపాలతోనే వచ్చేదని కూడా కాదు. ముక్కుతో గాలి తీసుకుని, దాని మీద ఇంకొంచెం తీసుకుని, నోటితో మెల్లగా పూర్తిగా వదలడం, అంటే కావాలని పెట్టే నిట్టూర్పు. రోజుకు అయిదు నిమిషాలు నెల రోజులు ఇలా చేసినవాళ్లకు మనసు తేలికపడడం, ధ్యానం చేసినవాళ్లకంటే ఎక్కువగా కనబడిందని స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2023లో ప్రచురించారు. నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు, గురువూ అక్కర్లేదు.

ఇక శిబిరాల సంగతి. భస్త్రిక, కపాలభాతి లాంటి వేగమైన శ్వాసలు చేయించే చోటికి మీ చెల్లెల్ని ఇప్పుడు పంపకండి. స్టానిస్లావ్ గ్రోఫ్ తెచ్చిన హోలోట్రోపిక్ పద్ధతీ అంతే, గంటలకొద్దీ వేగంగా ఊపిరి తీయిస్తారు. నేను వెళ్లిన ఒక శిబిరంలో పక్కావిడకు చేతులు కొంకర్లు పోతే "లోపలి అడ్డంకులు తెగుతున్నాయి" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. అది కార్బన్ డయాక్సైడ్ పడిపోవడం వల్ల వచ్చేదే. మూర్ఛ, గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు వీటి జోలికి వెళ్లకూడదు.

లయగా ఊపిరి తీయించే సుదర్శన క్రియ మీద బెంగళూరు మానసిక వైద్యశాల నిమ్‌హాన్స్‌లో 2000లో వచ్చిన అధ్యయనాన్ని మీ బంధువులు చూపించవచ్చు. తీవ్రమైన డిప్రెషన్‌తో చేరిన 45 మందిలో క్రియ చేసినవాళ్లకు, ఇమిప్రమైన్ అనే డిప్రెషన్ మాత్ర వాడినవాళ్లకు దాదాపు సమానంగా తగ్గింది, ఈసీటీ, అంటే కరెంటు చికిత్స, తీసుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువగా తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ అది ఆసుపత్రిలో, డాక్టర్లు చూస్తుండగా జరిగింది. వారాంతపు శిబిరానికి దాన్ని వర్తింపజేయలేం.

రేకీ నేనూ చేయించుకున్నాను. శక్తి ప్రవహిస్తుందన్నది నేను నమ్మను. అయినా ఒక పెద్దావిడ గంటసేపు ఏమీ అడగకుండా నా తల మీద చెయ్యి పెట్టి కూర్చుంటే ఏడుపొచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టింది. ఆ సాంత్వన కోసం వెళ్లాలనుంటే వెళ్లనివ్వండి. మాత్రలు ఆపమన్న మరుక్షణం లేచి వచ్చేయమనండి. మనసు బాధలకని పూల నుంచి చేసి ఇచ్చే బాచ్ పూల మందులకు ఉత్తుత్తి మందు కంటే ఎక్కువ గుణం కనబడలేదు.

మీ ప్రశ్నలో లేనిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇంకొకటి ఉంది. కళ్లముందు జరిగిన ఘోరం తిరిగి తిరిగి వస్తుంటే దానికంటూ చికిత్సలున్నాయి. ఒకటి ఈఎండీఆర్, కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునేలా చేసేది. ఇంకొకటి ఆ ఘటన మీదే పనిచేసే సీబీటీ, ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నుంచి వీటిని సిఫారసు చేస్తోంది. డాక్టరుగారిని వీటి గురించి అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉందో లేదో చూసుకోండి.

తనను ఏడవనివ్వండి కూడా. మా ఊళ్లో ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడ్చేవాళ్లు, ఒక్కో మాటనూ ఊపిరి చివరిదాకా సాగదీసి. అపార్ట్‌మెంట్లలో "ఊరుకో, పిల్లల మొహం చూడు" అని మొదటి నిమిషంలోనే నోరు నొక్కేస్తున్నాం.

చచ్చిపోవాలనుందన్న మాట తన నోట వస్తే మాత్రం సాధనలన్నీ పక్కనపెట్టి, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. అర్ధరాత్రైనా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.