డిగ్రీ మొదటి ఏడాది సోషియాలజీలో ఏముంటుంది?

సోషియాలజీ అంటే సోషల్ వర్కేనా, ఇంటర్‌లో సైన్స్ చదివినవాళ్లకు కష్టమా అని అడిగారు. రెండూ వేరు. సోషల్ వర్క్ సాయం చేసే పద్ధతి నేర్పుతుంది. సోషియాలజీ మనుషులు నలుగురిలో ఉన్నప్పుడు ఎందుకలా నడుచుకుంటారో వెతుకుతుంది.

మొదట కుటుంబం, కులం, హోదా లాంటి నిర్వచనాలు వస్తాయి. కాస్త బోరే, ఓపిక పట్టాలి. అసలు రుచి ఫ్రెంచ్ సోషియాలజిస్టు దుర్‌ఖైమ్ దగ్గర తెలుస్తుంది. ఆత్మహత్య పూర్తిగా సొంత బాధ అనుకుంటాం కదా? ఆయన 1897లో యూరప్ లెక్కలు తీసి, కాథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లలో, పెళ్లయినవాళ్ల కంటే కానివాళ్లలో ఆత్మహత్యలు ఎక్కువని చూపించాడు. సమాజంతో ముడి వదులైతే ముప్పు పెరుగుతుందని ఆయన వాదన. మరీ బిగిసినా ముప్పేనట!

మనవైపు ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట. ఉస్మానియాలో పాఠాలు చెప్పిన ఎస్.సి. దూబే ఆ ఊరిని పరిశీలించి 1955లో 'ఇండియన్ విలేజ్' పుస్తకం తెచ్చారు. ఇంగ్లిష్ తేలికే, లైబ్రరీలో దొరికితే వదలకండి.

సైన్స్ నుంచి వచ్చినా టెన్షన్ అక్కర్లేదు. ఈలోగా ఏదైనా పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర కాసేపు కూర్చుని ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఆఖరి బంతిలో ఎవరు తిన్నారో రాసుకుని క్లాసుకు పట్టుకెళ్లండి.