యొరూబా గొప్పల పోస్టు ఎక్కడ గొడవగా మారుతుంది? గ్రూపు నడిపేవాళ్లకు జవాబు

అడిగింది ఇదీ: "లాగోస్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లం, నైజీరియా సహోద్యోగులం కలిసి ఉన్న గ్రూపు మాది. ఎవరైనా యొరూబా సంస్కృతి గురించి గొప్పగా ఒక పోస్టు పెడితే చాలు, పది కామెంట్లు దాటేసరికి నైజీరియాలోని రెండు పెద్ద జాతులైన ఇగ్బో–యొరూబాల మధ్య తిట్లలోకి దిగుతోంది. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?"

గొప్పలు చెప్పుకునే పోస్టు జోలికి వెళ్లకండి. కొత్తగా మోడరేషన్‌కు దిగినవాళ్లు మొట్టమొదట తీసేది దాన్నే, అదే మొదటి తప్పు. యొరూబాలో 'ఒరికి' అని వంశస్తుతి ఉంటుంది. ఇంటికొకటి, ఊరికొకటి, రాజుకొకటి. 'ఒమొ ఒడుదువా', అంటే యొరూబాల మూలపురుషుడు ఒడుదువా బిడ్డలం అని ఎవరైనా రాస్తే, మనం గోత్రం చెప్పుకున్నంత మామూలు మాట. పాత యొరూబా నగరం ఇఫెలో దొరికిన లోహపు తలలు, 1986లో వోలె సోయింకాకు వచ్చిన నోబెల్, 2005లో ఒషున్ పవిత్రవనానికి యునెస్కో గుర్తింపు అన్నీ వరసగా వస్తాయి. రానివ్వండి. వాళ్లలో వాళ్లకే ఎత్తిపొడుపులు బోలెడు. యొరూబాల్లోనే ఒక శాఖ అయిన ఇజేషా బట్టల వ్యాపారులను 'ఒషోమాలో' అని ఆటపట్టిస్తారు, బాకీ చేతిలో పడేదాకా గుమ్మం ముందు గొంతుక్కూర్చుని కదలని రకం అని. అది తిట్టనుకుని తీసేస్తే ఇద్దరూ కలిసి మీ మీద పడతారు.

గొడవ గొంతు పెంచడం వల్ల రాదు, కొన్ని మాటల వల్ల వస్తుంది. అవి తెలిస్తే పని సగం అయినట్టే.

అన్నిటికంటే మోసపుచ్చేది 'అఫోంజా'. చూడ్డానికి పేరులాగే ఉంటుంది, నిజానికి పేరే. ఓయో అనే యొరూబా సామ్రాజ్యానికి 'ఆరె ఓనా కకన్ఫో', అంటే సర్వసేనాని. 19వ శతాబ్దం మొదట్లో ఇలోరిన్‌లో ఉండి తన రాజు అలాఫిన్ మీద తిరగబడ్డాడు, ఫులానీ మతగురువు అలిమీ సాయం తీసుకున్నాడు. చివరికి ఆ పక్షం చేతుల్లోనే చచ్చాడు, ఇలోరిన్ ఉత్తరాది ఫులానీల సొకోటో ఖలీఫా రాజ్యంలో కలిసిపోయింది. అందుకని యొరూబావాళ్లను 'అఫోంజాలు' అంటే, ఉత్తరాదివాళ్లకు సొంతవాళ్లను అమ్ముకునే జాతి అని అర్థం. చరిత్ర చెబుతూ ఏకవచనంలో రాస్తే ఉంచండి. బహువచనంలో ఎదుటివాళ్ల మీదికి విసిరితే తీసెయ్యండి.

'న్‌గ్బాతి' కూడా అలాంటిదే. యొరూబాలో 'ఎప్పుడైతే' అనే అర్థంలో మాటిమాటికీ దొర్లే మాటను పట్టుకుని వెక్కిరించడం. 'ఓఫె మ్మాను' ఇగ్బోలో నూనె పులుసు, యొరూబా వంట మీద ఎగతాళి. యొరూబావాళ్ల నుంచి ఇగ్బోల మీదికి వెళ్లేవి 'యామిరి', 'కొబొకొబొ', 'ఒకోరో'. వీటిలో యామిరి బరువైనది, 1966లో ఉత్తరాదిలో ఇగ్బోలను ఊచకోత కోసిన నాటి జ్ఞాపకం దానికి అంటుకుని ఉంది. అది కనిపిస్తే చర్చ అనవసరం.

ఈ మాటలన్నీ ఆటోమేటిక్‌గా డిలీట్ అయ్యేలా పెట్టకండి, ముందు మీ దగ్గర ఆగేలా పెట్టండి. 'ఓ' బదులు సున్నా కొట్టి, మధ్యలో చుక్క పెట్టి రాస్తారు, ఆ రూపాలు కూడా జాబితాలో చేర్చాలి. 'ఒమొ' అన్నది మాత్రం చేర్చొద్దు, బిడ్డ అని దాని అర్థం, రోజుకు వందసార్లు వస్తుంది.

అనువాద యంత్రాన్ని నమ్ముకుంటే బోల్తా పడతారు. యొరూబాకు మూడు స్వరస్థాయులు. 'ఇగ్బో' అన్న అక్షరాలనే ఒక స్వరంలో పలికితే అడవి, ఇంకో స్వరంలో పలికితే ఆ జాతి పేరు. ఫోన్‌లో ఎవరూ స్వరచిహ్నాలు కొట్టరు. 'అడవిలోకి వెళ్లాను' అన్నది జాతి మాటగానూ, జాతి మాట అడవి మనుషులన్న తిట్టుగానూ తిరగబడొచ్చు. అర్థం కానిచోట ఇద్దరిని అడగండి, ఒకరు యొరూబా, ఒకరు ఇగ్బో. తటస్థంగా ఉంటారని బెనిన్ ప్రాంతపు ఎడో జాతి మనిషిని మధ్యవర్తిగా పెట్టుకుంటారు కొందరు. ఒడుదువా అసలు బెనిన్ రాకుమారుడే అన్న వాదం అక్కడిది. ఇంకో గొడవ తెచ్చుకున్నట్టే.

ఇక విషయాలు. ఎక్కడ మొదలెట్టినా తిరిగి తిరిగి మూడు చోట్లకే చేరతాయి.

ఒకటి 1966. జనవరి 15 తిరుగుబాటు చేసిన అధికారుల్లో ఎక్కువమంది ఇగ్బోలు. చనిపోయినవాళ్లలో ఉత్తరాది నాయకులతోపాటు పశ్చిమ ప్రాంత ప్రీమియర్ అకింటోలా ఉన్నాడు, ఆయన యొరూబా. జులై 29 ఎదురు తిరుగుబాటులో ఇబాదాన్‌లో ఇగ్బో అయిన దేశాధినేత ఇరోన్సీతోపాటు ఆతిథ్యం ఇచ్చిన యొరూబా గవర్నర్ ఫజూయీ కూడా పోయాడు. ఒకవైపువాళ్లు మొదటిది మరిచిపోతారు, రెండోవైపువాళ్లు రెండోది.

రెండోది ఇరవై పౌండ్లు. ఇగ్బోలు ఎక్కువగా ఉన్న తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోబోతే వచ్చిన యుద్ధం 1970లో ముగిశాక, యుద్ధకాలంలో లావాదేవీలు జరిగిన ఖాతాల్లో ఎంత సొమ్మున్నా చేతికిచ్చింది ఇరవై పౌండ్లే. అప్పుడు ఆర్థికశాఖ చూసింది అవోలోవో, యొరూబావాళ్లకు దాదాపు దేవుడు. ఆ పేరు మీద సరదా మాట అంటూ ఉండదు.

మూడోది లాగోస్ ఎవరిది అన్నది. ప్రస్తుతం ఎక్కువ మండేది ఇక్కడే. 'లాగోస్ ఎవడి జాగీరూ కాదు' అన్న మాటకు యొరూబావాళ్లు భగ్గుమంటారు, ఎందుకంటే అక్కడి పాత కాపురస్తులు ఆవోరీలు, వాళ్లు యొరూబావాళ్లే. అటు ఇగ్బోలు అడిగేది వేరు: 1991 దాకా దేశ రాజధాని, మేమూ కట్టిన ఊరు కదా అని. 2023 ఫిబ్రవరి అధ్యక్ష ఎన్నికలో లాగోస్‌లో ఇగ్బో అయిన పీటర్ ఒబీకి 5,82,454 ఓట్లు, యొరూబా అయిన టినుబుకు 5,72,606. పదివేలు కూడా లేని ఆ తేడా తర్వాతి నెల గవర్నర్ ఎన్నికను జాతి ఎన్నికగా మార్చేసింది. అందులో ఒబీ పార్టీ అభ్యర్థి గ్బదెబొ రోడ్స్-వివూర్ తల్లి ఇగ్బో. ప్రత్యర్థులు ఆయన మధ్యపేరు 'చినెదు' అనే ఇగ్బో పేరుని పట్టుకుని పదేపదే వాడారు. ఏ ఫిల్టరూ పట్టుకోలేని తిట్టు అది, మామూలు పేరు. అలాంటిచోట మాటను కాదు, ఎన్నిసార్లు ఎవరిని ఉద్దేశించి అన్నారో చూడాలి.

'లాగోస్‌లో సగం మంది ఇగ్బోలే', 'పదోవంతు కూడా లేరు' అని అంకెలు విసురుతారు. 2006 జనగణనలో జాతి అడగనే లేదు. ఆ ఒక్క ముక్క రాసి, మూలం చూపించమని అడగండి. చాలా థ్రెడ్లు అక్కడే చల్లారతాయి.

తీసేసేటప్పుడు ఒక కొలత పనికొస్తుంది. వాక్యంలో కర్త ఎవరు? టినుబు, ఒబీ, ప్రభుత్వం, పార్టీ అయితే ఎంత ఘాటుగా ఉన్నా ఉంచొచ్చు. 'మీవాళ్లంతా', 'ఆ జాతే అంత' అయితే పోవాలి. రెండువైపులవీ ఒకే నిమిషంలో తీయండి. ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం తీస్తే మధ్యలో ఉన్న ఏడెనిమిది గంటల్లో మీరు ఒకపక్షం అయిపోతారు. తీసిన మాటను కోట్ చేసిన జవాబులు అలాగే మిగిలిపోతాయి, అవీ వెతికి తీయాలి. జనవరి 15, బయాఫ్రా ప్రకటించిన మే 30, 1993లో జరిగి తర్వాత రద్దయిన అధ్యక్ష ఎన్నిక రోజు జూన్ 12, పోలింగ్ రోజు, ఫలితాల రోజు ముందే కామెంట్ల మధ్య వ్యవధి పెంచి పెట్టుకోండి.

బెదిరింపు కనిపిస్తే మాత్రం వరస వేరు. ముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, సమయం, ఆ తర్వాతే డిలీట్. నైజీరియా 2015 సైబర్ నేరాల చట్టం 26వ సెక్షన్ జాతి ఆధారంగా చేసే బెదిరింపులనూ అవమానాలనూ నేరంగా చూస్తుంది. అయిదేళ్ల దాకా జైలు. గ్రూపులో ఉన్నవాళ్లకు ఈ సంగతి ముందే ఒకసారి చెప్పి పెట్టండి, గొడవ మధ్యలో చెబితే అదీ బెదిరింపులాగే వినిపిస్తుంది.